నాచారం ప్లాటులో గుండు

పెళ్లికి మా ఆయన రెండు పెట్టెలతో వచ్చారు. ఒకటి తేలిక, ఒకటి బరువు. బరువు పెట్టెను ఎడ్లబండి మీంచి దించడానికి ముగ్గురు చేయి వేయాల్సి వచ్చింది. "పెళ్లికొడుకు వట్టి చేతులతో రాలేదర్రా" అని మా నాన్న అరుగు మీదున్న వాళ్లందరికీ వినపడేలా అన్నాడు. తాళి కట్టిన మర్నాడు మా పిన్ని ఇక ఆగలేక ఆ పెట్టె తెరిచింది. లోపల పాత పేపర్లలో చుట్టిన రాళ్లు ఉన్నాయి. పెళ్లికి వస్తూ దారిలో రైలు దిగి, ఒక పూటంతా కొండలెక్కి ఏరుకొచ్చినవి.

"అబ్బాయిది రాళ్ల మీద పరిశోధన అన్నారు గానీ, వెంటబెట్టుకుని తిరుగుతాడని చెప్పలేదే!" అని మా నాన్న మధ్యవర్తిని నిలదీశాడు.

"సర్కారు ఉద్యోగం బావా, రాళ్లయితేనేం, రప్పలయితేనేం" అన్నాడు మధ్యవర్తి.

నాకు రాయంటే తెలియదు. మాది కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర. మా ఊళ్లో రెండు నిలువులు తవ్వినా నల్లమట్టే. రాయి చూడాలంటే రైలు పట్టాల దాకా నడిచి వెళ్లి అక్కడి కంకర చూడాలి. అలాంటిదాన్ని, ఎనభైల మొదట్లో ఒక ఉదయం సికింద్రాబాదులో దిగి, ఆటోలో లాలాపేట మీదుగా నాచారం వస్తూ ఆ గుట్టలు చూశాను. ఒక గుండు మీద ఇంకో గుండు, దాని మీద ఏనుగంత మరో గుండు, ఆ పైన ఎవరో బొట్టుపెట్టినట్టు ఒక చిన్న గుండు. గాలి కాస్త గట్టిగా వీస్తే దొర్లి మా మీద పడతాయేమోనని సీట్లో అవతలి పక్కకి జరిగాను.

"ఏమండీ, వీటినిలా ఎవరు పేర్చారు?" అని అడిగాను.

అది నా కాపురంలో మొదటి పొరపాటు. ఆయన ఆటో ఆపించారు. నన్ను దింపి ఒక గుండు దగ్గరికి తీసుకెళ్లి, పెళ్లిలో కూడా నా చేయి అంత ప్రేమగా పట్టుకోని మనిషి, ఆ చేతిని రాతికి ఆనించారు.

"ఎవరూ పేర్చలేదు. ఇదంతా ఒకప్పుడు ఒకే రాయి. భూమి లోపల మైళ్ల లోతున కరిగిన ముద్ద పైకి ఉబికింది. నేల దాకా రాలేక దారిలోనే ఆగిపోయింది. అక్కడే లక్షల ఏళ్ల పాటు మెల్లగా చల్లారింది. మెల్లగా చల్లారితే పలుకులు పెద్దవి కడతాయి. చూడు, ఈ గులాబీ రంగుదొకటి, గాజులా ఉన్నదొకటి, నల్లగా మెరిసేదొకటి."

"పటికబెల్లంలాగా" అన్నాను ఏదో ఒకటి అనాలి కదా అని.

ఆయన మొహం వెలిగిపోయింది. "సరిగ్గా చెప్పావు! తర్వాత పైనున్న నేలంతా వానకీ గాలికీ అరిగిపోయి ఇది బయటపడింది. మీద బరువు పోయేసరికి పగుళ్లిచ్చింది. పగుళ్లలోకి నీళ్లు దిగాయి. మూలలకి మూడు పక్కల నుంచీ నీళ్లు తగులుతాయి కదా, అందుకని ముందు మూలలు కుళ్లి రాలిపోతాయి. మూలలు పోతే మిగిలేది గుండు."

"రాయి కుళ్లుతుందా?"

"కుళ్లకపోతే మీ ఊరెక్కడిది? ఇక్కడి రాళ్లు మట్టయితే, ఆ మట్టిని మూసీ ఈ ఉప్పల్ పక్కనుంచే మోసుకెళ్లి కృష్ణలో కలిపింది. కృష్ణ తీసుకెళ్లి మీ ఊళ్లో పోసింది."

అంటే మా ఊరు వీళ్ల ఊరి చెత్తన్నమాట. కొత్త పెళ్లికూతుర్ని కాబట్టి ఊరుకున్నాను. ఈలోగా ఆటో అతను కూడా దిగొచ్చి శ్రద్ధగా విన్నాడు. మొత్తం విని, "సారూ, మరి గీ గుండ్ల కింద బోరేస్తే నీళ్లు పడ్తయా?" అని అడిగాడు. దానికి ఇంకో పావుగంట పట్టింది.

మేం అద్దెకున్నది నాచారంలో రెండు గదుల వాటా. కరిగి చల్లారిన అగ్నిశిలలు కిటికీలో, పొరలు పొరలుగా పేరుకున్న అవక్షేప శిలలు అలమరలో, వేడికీ ఒత్తిడికీ మారిపోయిన రూపాంతర శిలలు మంచం కింద ఉండేవి. ప్రతిదాని మీదా ఎర్ర రంగుతో ఒక నంబరు. పప్పుల డబ్బాలు మాత్రం నేల మీద ఉండేవి. చుట్టుపక్కల ఆడవాళ్లు చూడటానికొచ్చి, కూర్చోవడానికి చోటు వెతుక్కుని, "రాళ్లు బాగున్నాయమ్మా" అని వెళ్లిపోయేవాళ్లు.

రెండో వేసవిలో నిమ్మకాయ ఊరగాయ పెట్టాను. ముక్కలు రసం మీదికి తేలకుండా ఏదైనా బరువు పెడదామని చూస్తే, ఆయన బల్ల మీద తెల్లగా, నున్నగా, అరచేయంత రాయి కనిపించింది. శుభ్రంగా కడిగి జాడీలో పెట్టి, గుడ్డ కట్టాను. మూడో రోజుకి జాడీలోంచి బుసబుస చప్పుడు. గుడ్డ తీస్తే నురుగు. నిమ్మకాయ రుచి చూస్తే ఉప్పుంది, పులుపు లేదు. నా జన్మలో పులుపు లేని నిమ్మకాయ అదే.

సాయంత్రం ఆయనకి చూపించాను. ముందు ఎగిరి గంతేసినంత పని చేశారు. "అది పాలరాయి! సున్నపురాయి భూమి లోపల ఉడికి పాలరాయి అవుతుంది. పులుపు తగిలితే బుసబుసలాడుతుంది. మేం యాసిడ్ చుక్క వేసి పరీక్ష చేస్తాం, నువ్వు నిమ్మరసంతో చేశావు!" అన్నారు. రాయిని బయటికి తీశాక మాత్రం గబగబా దీపం దగ్గరికి పట్టుకెళ్లారు. నంబరు చెరిగిపోయింది. నున్నటి రాయి గరుకు తేలి, అక్కడక్కడా పసుపు పట్టింది. మర్నాడు వాళ్ల ఆఫీసరుకి ఇవ్వాల్సిన రాయట అది.

ఆయన దాన్ని బ్రష్షుతో తోమి, మళ్లీ నంబరు వేసి, ఏమీ ఎరగనట్టు తీసుకెళ్లి ఇచ్చారు. రాళ్ల పని చేసే వాళ్లకి ఒక అలవాటుంది. రాయిని నాలుకతో తడిపి చూస్తారు. తడిస్తే లోపలి పలుకులు స్పష్టంగా కనిపిస్తాయట. ఆఫీసరుగారు కూడా నాకి, కళ్లు చిట్లించి, మళ్లీ నాకి, "విచిత్రంగా ఉందయ్యా. ఉప్పగా ఉంది. దీనికి ఉప్పునీటి మడుగుతో ఏదో సంబంధం ఉన్నట్టుందే" అన్నారట. పక్కవాళ్లకి కూడా ఇచ్చారట. ముగ్గురు నాకి, అవునంటే అవునన్నారట. నాలుగో ఆయనది గుంటూరు వైపు. ఆయన కాసేపు చప్పరించి, "మెంతిపిండి కూడా తగుల్తోందండీ" అన్నారట.

మా ఆయన నిజం ఒప్పుకోక తప్పింది కాదు. అప్పట్నుంచీ ఆ ఆఫీసులో ఎవరూ మా ఇంటి నుంచి వచ్చిన రాయిని నాకలేదు.

తర్వాత కొన్నేళ్లకి ఆఫీసు వాళ్లు కొందరు కలిసి నాచారం చివర కొంత నేల కొని ప్లాట్లు చేశారు. ఎవరికేది అని చీటీలు తీశారు. మాకొచ్చిన ప్లాటుకి నడిమధ్యన ఒక గుండు ఉంది. లారీ అంత ఉంటుంది. తక్కిన ప్లాట్లన్నీ చదునుగా ఉన్నాయి. అందరూ మా ఆయన భుజం తట్టి ఓదార్చడానికి వచ్చారు. ఆయనేమో లాటరీ తగిలినట్టు నవ్వుతున్నారు. ఒకాయన జాలిపడి, "పోనీ నా ప్లాటు తీసుకోండి, ఏదో సర్దుకుంటాను" అంటే, మా ఆయన ఆయన్ని అనుమానంగా చూసి, "ఎందుకు, గుండు మీద కన్ను పడిందా?" అన్నారు.

ఇంటికొచ్చి ప్లాను గీశారు. హాలు మధ్యలో గుండు. వంటింట్లోంచి పడగ్గదిలోకి పోవాలంటే దాని చుట్టూ తిరిగి పోవాలి.

"ఇంటికొచ్చిన వాళ్లు చెప్పులు బయట విడిచి, ప్రదక్షిణ చేసి, కొబ్బరికాయ కొట్టిపోతారండీ" అన్నాను.

"అది అక్కడ ఎన్నేళ్లుగా ఉందో తెలుసా? పుట్టి రెండు వందల యాభై కోట్ల ఏళ్లు. మనం నిన్న వచ్చి దాన్ని పొమ్మంటామా?"

"నేనూ ఉండాలిగా ఆ ఇంట్లో. గుండైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. ఆ ఆలస్యం నాకిప్పటికీ గుర్తుంది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. గుండు కొట్టిద్దాం, కానీ దాని ముక్క ఒక్కటి కూడా బయటికి పోకూడదు. పునాది, మెట్లు, ప్రహరీ అన్నీ దానితోనే.

గుండు కొట్టడానికి మేడిపల్లి వైపు నుంచి ఒక ముసలి మేస్త్రి వచ్చాడు. వెంట ఆయన భార్య. ఆయన బక్కగా, ఎండిన చింతబరికెలా ఉండేవాడు. మాట తక్కువ. ఆ తక్కువంతా ఆమె పూడ్చేది. మేస్త్రి వచ్చీ రాగానే గుండు చుట్టూ వట్టికాళ్లతో నడిచాడు. చిన్న సుత్తితో అక్కడొకటి, ఇక్కడొకటి తట్టి, చెవి ఆనించి విన్నాడు. మా ఆయన కూడా పోటీగా భూతద్దం పెట్టుకుని ఇంకో వైపు నుంచి చుట్టూ తిరిగారు. వెనకాల ఇద్దరూ ఎదురుపడ్డారు.

"ఇది తూర్పు పడమరలుగా పగులుతుంది" అని మా ఆయన సుద్దముక్కతో ఒక గీత గీశారు.

మేస్త్రి ఆ గీతని మర్యాదగా చూశాడు. "గట్ల పగల్దు సారు. దీని వాటం గిట్లున్నది" అని ఉత్తరం దక్షిణాలుగా చేయి ఊపాడు.

"నేను దీని మీదే చదువుకున్నానయ్యా. ఇది చల్లారేటప్పుడు..." అని మొదలుపెట్టి, భూమి లోపలి ముద్ద దగ్గర్నుంచి మూలలు కుళ్లడం దాకా అంతా చెప్పారు. మేస్త్రి బీడీ ఆర్పేసి మరీ విన్నాడు.

"మంచిగ జెప్పిన్రు సారు. మరి గిది పుట్టంగ మీరు సూసిన్రా?"

"ఎలా చూస్తాను?"

"మీ నాయిన?"

"అప్పటికి మనుషులే లేరు."

"మనుషులే లేరంటే గీ ముచ్చట మీకెవలు జెప్పిన్రు?"

మా ఆయన నా వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను. మేస్త్రి భార్య పగలబడి నవ్వింది. "ఊకో ముసలోడా, సారు సదువుకున్నోడు. రాయే జెప్పుంటది."

"అదే, రాయే చెప్పింది!" అన్నారు మా ఆయన సంతోషంగా. ఆమె ఎగతాళి చేసిందని ఆయనకి తట్టలేదు.

గుండు పగిలే రోజుకి మా ఆయన ఆఫీసు నుంచి ఏడెనిమిది స్కూటర్లు వచ్చాయి. అంతమంది చదువుకున్న వాళ్లు ఒక రాయి చుట్టూ నిలబడి తూర్పు పడమరలా, ఉత్తర దక్షిణాలా అని వాదించుకుంటుంటే, చదువుకోని మేస్త్రి తన వాటం ప్రకారం వరసగా ఉలితో బెజ్జాలు తీసి, వాటిలో ఇనప చీలలు దిగ్గొట్టి ఉంచాడు. సారు మనసు నొచ్చుకోకుండా సుద్దగీత మీద కూడా రెండు బెజ్జాలు తీశాడు. అది ఆయన సంస్కారం. తర్వాత సమ్మెట ఎత్తి ఆ చివర నుంచి ఈ చివరకి వంతులవారీగా ఒక్కో చీలనీ కొట్టుకుంటూ వచ్చాడు. నాలుగు వరసలు అయ్యాక సమ్మెట దించేసి, పక్కకి పోయి కూర్చున్నాడు.

"ఏమైందయ్యా, ఆపేశావేం?" అన్నారొకరు.

"నా పని అయింది. ఇగ దాని పని" అన్నాడు.

అందరం నోళ్లు తెరుచుకుని చూస్తున్నాం. కొంతసేపటికి లోపలెక్కడో గుడ్డ చింపినట్టు చిన్న చప్పుడు. సన్నటి గీత ఒకటి పై నుంచి కిందికి పాకింది. ఉత్తరం దక్షిణాలుగానే! గునపాలేసి తోస్తే గుండు బ్రెడ్డు ముక్కలా రెండుగా విడి, సగం పక్కకి ఒరిగింది.

ఓడిపోయినందుకు మా ఆయన బాధపడతారేమోనని చూస్తే, ఆయన అసలు అక్కడ లేరు. అప్పటికే రెండు చెక్కల మధ్య దూరి, మోకాళ్ల మీద కూర్చుని "అబ్బబ్బబ్బ" అంటున్నారు. పగిలిన ముఖం మీద గులాబీ రాతి నడుమ, మంచినీళ్ల కాగంత నల్లటి ముద్ద ఒకటి ఇరుక్కుని ఉంది. దాని నిండా సన్నటి తెలుపు నలుపు చారలు, పట్టుచీర మడతలు పెట్టినట్టు. స్కూటర్ల మీద వచ్చిన వాళ్లందరూ ఒకరి మీద ఒకరు పడి చూడసాగారు.

మేస్త్రి కూడా వంగి చూశాడు. "నా బతుకుల గిన్ని గుండ్లు గొట్టిన గని, గిట్లాంటిది సూడలే. గుండు కడుపుతోటి ఉన్నది."

"ఇది వేరే రాయి" అన్నారు మా ఆయన. "ఎప్పుడో బురద పేరుకుని రాయైంది. అది భూమి లోపలికి దిగిపోయింది. అక్కడి వేడికి, ఒత్తిడికి మారిపోయింది. కరగలేదు, మారింది."

"పచ్చి ఇటుకను బట్టీల కాలిస్తె ఎర్ర ఇటుక అయినట్టు" అన్నాడు మేస్త్రి.

మా ఆయన ఆయన్ని వాటేసుకోబోయి ఆగారు. "సరిగ్గా అదే! ఆ తర్వాత ఎప్పటికో ఈ గ్రానైటు కరిగిన ముద్దగా పైకొస్తూ, దారిలో దీన్ని మింగేసింది."

"అంటే లోపటిది ముందుగాల పుట్టిందా?"

"అవును, లోపలిదే పెద్దది."

మేస్త్రి ఆలోచించాడు. "కడుపుల బిడ్డ తల్లి కంటె పెద్దదా సారూ!" అని, అప్పటిదాకా పళ్లు కనపడని మనిషి, తలగుడ్డ తీసి మొహం కప్పుకుని నవ్వాడు. "గీ మాట మా ఊళ్ల జెప్తె నన్ను దవాఖానాల ఏస్తరు."

"గండ్ల వింతేమున్నది? నీ లోపట గూడ నీ కంటె పెద్ద మొండోడు ఒకడున్నడు. ముప్పై ఏండ్ల సంది నేను సూస్తలేనా?" అంది ఆయన భార్య.

ఆ నల్ల ముద్దని మేస్త్రి చుట్టూ చెక్కి పదిలంగా బయటికి తీశాడు. మా ఆయన దాన్ని వేపచెట్టు కింద పెట్టించి, తెల్ల రంగుతో పెద్ద నంబరు వేశారు. పునాది లేచింది. గోడలు లేచాయి. మేస్త్రి దంపతులు అక్కడే గుడిసె వేసుకుని మెట్లకీ ప్రహరీకీ రాళ్లు చెక్కుతుండేవాళ్లు. నేల పరచడానికి తాండూరు నాపరాళ్లు లారీలో వచ్చాయి. మా ఆయన ఒక్కో పలకనీ ఎండలో వాలుగా పెట్టి చూస్తుంటే, మేస్త్రి భార్య ఉండబట్టలేక, "ఏం సూస్తున్రు సారూ, మొకం గనపడ్తుందా?" అంది.

"ఇది సముద్రం అడుగు. నీళ్లలో సున్నం అడుక్కి దిగి, పొర మీద పొర పేరుకుని ఇలా పలకలుగా అయింది. అందుకే ఇంత చక్కగా పొరల్లా లేస్తుంది."

"తాండూర్ల సముద్రమా!" అని ఆమె పారపట్టిన చెయ్యి ఆపేసింది. "మరి చేపలేయి?"

"అప్పటికి ఇంకా చేపలు పుట్టలేదు."

ఆమెకి మా ఆయన మీద చాలా జాలి కలిగింది. "చేపలు లేని సముద్రం ఏం సముద్రం సారూ" అని నెత్తిన తట్ట పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆమెకీ నాకూ బాగా కుదిరింది. మధ్యాహ్నం నేను భోజనం క్యారియరు తీసుకెళ్తే, ఇద్దరం నీడన కూర్చుని ముచ్చట్లు చెప్పుకునేవాళ్లం. ఒకసారి నా గోంగూర పచ్చడి రుచి చూసి, "మంచిగుంది గని, మిక్సీలేసినవా అమ్మా? ఉడుకెక్కి సప్పబడ్డది" అంది. నిజమే, మా అమ్మ రోట్లో నూరితే ఆ రుచే వేరు, ఇక్కడ నాకు రోలెక్కడిది అని నేను ఏదో మాటవరసకి అన్నాను.

తర్వాతి వారం మా ఆయన పది రోజుల క్యాంపుకి వెళ్లాల్సి వచ్చింది. వెళ్లే ముందు వేపచెట్టు దగ్గర నిలబడి మేస్త్రికి అప్పగింతలు పెట్టారు. నేనూ అక్కడే ఉన్నాను. ఆయన అన్న మాటలు ఇవి: "ఈ నల్లరాయిని మాత్రం ఊరికే పారేయొద్దు. ఇంత మంచి రాయి మళ్లీ దొరకదు. నీకు తెలియందేముంది."

"ఫికర్ జెయ్యకున్రి సారు" అన్నాడు మేస్త్రి.

నాకు ఒంట్లో బాగాలేక నాలుగైదు రోజులు ప్లాటుకి వెళ్లలేదు. వెళ్లేసరికి మేస్త్రి దంపతులు ఇద్దరూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఇద్దరి మొహాల్లోనూ పండగ. ఆమె గోనెపట్టా ఒకటి పక్కకి లాగింది. దాని కింద రోలు. నల్లగా నిగనిగలాడుతూ, అంచు గుండ్రంగా, నడుమ గిన్నెలాంటి గుంట. పక్కన అదే రాతి ముక్కతో నున్నటి పొత్రం.

"నీ కోసమే అమ్మా. సారు గూడ మంచి రాయి పారెయ్యద్దన్నడు గద. నల్లరాయి మస్తు గట్టిగున్నది. మా ముసలోడు నాలుగు దినాల సంది తిండి గూడ మరిచి జేసిండు."

నేను రోలుని చూసి మురిసిపోయాను. అబద్ధమెందుకు, ముందు మురిసిపోయాను. చేయి పెట్టి గుంటంతా తడిమాను. అప్పుడు వేపచెట్టు వైపు చూశాను. చెట్టు కింద ఖాళీ. రోలు బయటివైపు అడుగంచున తెల్ల రంగు మరక కొంచెం మిగిలి ఉంది. అది ఆయన నంబరు వేసిన రాయే. కానీ వాళ్ల మొహాలు చూస్తూ ఏం చెప్పగలను? "చాలా బాగుంది" అన్నాను. ఏడుపొచ్చింది. సంతోషంతో ఏడుస్తున్నాననుకుని ఆమె నా కన్నీళ్లు తుడిచింది.

మా ఆయన రావడానికి ఇంకా మూడు రోజులుంది. ఆ మూడు రోజుల్లో ఈ సంగతి చెప్పడానికి రకరకాల మాటలు కూర్చుకున్నాను. ముందు గుత్తివంకాయ కూర పెట్టి, తిన్నాక, పక్క వేశాక, "ఏమండీ, రాయి మారుతుందని మీరే అంటారు కదా" అని మొదలుపెడదామనుకున్నాను. ఏదీ పనికి రాలేదు. ఆయన ఇంటికి రాకుండా జీపుని తిన్నగా ప్లాటుకే పోనిచ్చారు. నాకు కబురు తెలిసి నేను పరిగెత్తుకెళ్లేసరికి ఆయన రోలు ముందు నిలబడి ఉన్నారు. మేస్త్రి పక్కనే, మెచ్చుకోలు కోసం చేతులు కట్టుకుని ఉన్నాడు.

నేనాయన కోపం చూశాను, విసుగు చూశాను, కానీ ఆ మొహం ఎప్పుడూ చూడలేదు. పరీక్ష పేపరు పోగొట్టుకున్న పిల్లాడిలా ఉన్నారు. మేస్త్రికి మెల్లగా అనుమానం వచ్చింది.

"ఏమన్న తప్పు జేసిన్నా సారు?" అన్నాడు చిన్నగా.

మా ఆయన నోరు తెరిచారు. మేస్త్రి చేతుల వైపు చూశారు. వేళ్లన్నీ పగిలి, రాతిపొడి పట్టి ఉన్నాయి. నోరు మూసుకున్నారు. "లేదు" అన్నారు. ఆ ఒక్క మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో నాకు తెలుసు. ఈ మనిషిని చేసుకున్నందుకు నేను ఒక్కసారి కూడా చింతించకపోవడానికి ఆ మాట ఒక కారణం.

తర్వాత ఏదో చేయాలి కాబట్టి రోలు మీదికి వంగారు. వంగి, అలాగే ఉండిపోయారు. జేబులోంచి భూతద్దం తీశారు. తల రోట్లో పెట్టేశారు.

"నీళ్లు తీసుకురండి!" అని లోపల్నుంచి ఆయన గొంతు గుంయ్‌మని వినిపించింది.

చెంబెడు నీళ్లు పోసి తుడిచారు. అప్పుడు మా అందరికీ కనిపించింది. మేస్త్రి గుంటను గుండ్రంగా, నున్నగా తొలిచాడు కదా, ఆ వంపులో చారలన్నీ ఒకదాన్నొకటి చుట్టుకుంటూ, మెలికలు తిరిగి, మడత మీద మడత పడి కనిపిస్తున్నాయి. బయట్నుంచి చూస్తే అందులో పదో వంతు కూడా తెలిసేది కాదట. సుత్తితో కొడితే ముక్కలే వస్తాయి గానీ, రాయి ఇలా లోపలంతా విప్పి చూపించదట.

"ఇది భూమి లోపల రెండుసార్లు మడత పడింది! రెండుసార్లు!" అని ఆయన మేస్త్రి భుజాలు పట్టుకుని ఊపేశారు. మేస్త్రికి ఏమీ అర్థం కాలేదు గానీ, మడతలు తనవల్ల పడలేదని మాత్రం గట్టిగా చెప్పాడు.

"కానీ పరీక్షకి ముక్కలు కావాలే..." అని మా ఆయన మళ్లీ దిగాలు పడుతుంటే, మేస్త్రి భార్య గుడిసెలోకి పోయి, మూతికట్టిన సంచి ఒకటి ఈడ్చుకొచ్చింది. చెక్కేటప్పుడు రాలిన నల్లరాతి ముక్కలన్నీ అందులో ఉన్నాయి. ఒక్కటి పారేయలేదు.

"సారు రాళ్లేరుతడు గద. పిచ్చే గని, పాపం, ఎందుకు పారెయ్యాలె అని దాసిన" అంది.

మర్నాడు మళ్లీ స్కూటర్లు వచ్చాయి. ఈసారి పెద్దాఫీసరుగారు కూడా వచ్చి, వరసలో నిలబడి, వంతు వచ్చినప్పుడు రోట్లో తల పెట్టి చూశారు. వాళ్లంతా వెళ్లేదాకా రోలు నాకు దక్కలేదు. ఫోటోలయ్యాయి, కొలతలయ్యాయి. దాన్ని ఆఫీసుకి తరలిస్తే బాగుంటుందని ఒకాయన గొణిగారు గానీ, మేస్త్రి భార్య రోలు మీద కూర్చుని, "గిది అమ్మది" అంది. ఎవరూ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కొత్త రోలు వెంటనే వాడకూడదు. మూడు రోజులు ఊకా, తౌడూ, నూకలూ వేసి రుబ్బి, రాతిపొడి పోగొట్టాలి. ఆ పని మేమిద్దరం కలిసి చేశాం. నాలుగో రోజున ఇంకా తలుపులు పెట్టని వంటింట్లో గోంగూర వేయించి, పండుమిరపకాయలూ వెల్లుల్లీ వేసి నూరాను. నలుగురం కొత్తగా పరిచిన నేల మీద వరసగా కూర్చున్నాం. మేస్త్రి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆయన భార్య "ఇప్పుడైంది పచ్చడి" అంది.

మా ఆయన రెండో ముద్ద నములుతూ ఆగిపోయారు. పంటి కింద ఏదో కరకరమంది. మేస్త్రి మొహం వాడిపోయింది. మా ఆయన నోట్లో వేలు పెట్టి, ఆవగింజంత ఎర్రటి పలుకు ఒకటి తీసి, కొంగు ఇమ్మని నాకు సైగ చేసి, దాన్ని తుడిచి, భూతద్దం పెట్టి వెలుతురులోకి ఎత్తారు.

"గార్నెట్!" అన్నారు. పులుపుకో సంతోషానికో ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "ఇది ఉందంటే, ఆ రాయి ఎంత లోతుకి దిగి వచ్చిందో చెప్పొచ్చు! ఇంకొంచెం పచ్చడి వెయ్యి."

మేస్త్రి భార్య ముద్ద చేత్తో పట్టుకుని ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మా, సారు పచ్చడి తింటుండా, సదువుతుండా?" అని అడిగింది.

"రెండూ" అన్నాను, ఆయన విస్తట్లో ఇంకో రెండు ముద్దలకి సరిపడా వేస్తూ.